అన్న మాట వేరు, అర్థం వేరు

పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని ఇంగ్లిష్ గ్రామర్‌లో బాగా విసిగించే పాఠాల్లో ‘ఫిగర్స్ ఆఫ్ స్పీచ్’ ఒకటి. మెటానమీ, సినెక్‌డకీ, లైటోటీస్, ఆక్సిమోరాన్... అన్నీ నోరు తిరగని గ్రీకు పేర్లు, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ. బట్టీ పడితే మార్కులొస్తాయి. మర్నాడు ఇంగ్లిష్ పేపర్లో అదే అలంకారం ఎదురైతే మాత్రం ఆనవాలు పట్టలేరు.

ఈ పేర్ల బాధ ఇంగ్లిష్‌వాళ్లూ పడ్డారు. 1589లో లండన్‌లో రచయిత పేరు లేకుండా ‘ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లిష్ పొయెసీ’ అనే పుస్తకం వచ్చింది. రాసింది జార్జ్ పుట్టెన్‌హమ్ అని పండితుల మాట. గ్రీకు, లాటిన్ రాని దర్బారు జనం కోసం ఆయన ఒక్కో అలంకారానికి వాడుక ఇంగ్లిష్‌లో ఒక పేరు పెట్టాడు. హైపర్‌బొలీ ‘గొంతెత్తి అబద్ధమాడేవాడు’, ఐరనీ ‘పొడి వెక్కిరింత’, మెటానమీ ‘తప్పు పేరు పెట్టి పిలిచేవాడు’. ఆ పేర్లు నిలవలేదు గానీ ఆయన పద్ధతి మంచిది. అలంకారం పేరేమిటని కాక, అది ఏం పని చేస్తుందని అడిగాడు. మనమూ అలాగే అడిగితే, మాట తన మామూలు అర్థం దాటిపోయే దారులు ముఖ్యంగా నాలుగే కనిపిస్తాయి: పోలిక, సంబంధం, మోతాదు, విరోధం.

పోలిక మనకు కొత్త కాదు. ఉపమ, రూపకం బడిలోనే చదువుకున్నాం. ‘లైక్’, ‘యాజ్’ పెట్టి పోలిస్తే సిమిలీ, పెట్టకుండా ఒకదాన్నే రెండోది అనేస్తే మెటఫర్. అయితే మెటఫర్ కవుల సొత్తు అనుకుంటే పొరపాటు. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ‘మెటఫర్స్ వి లివ్ బై’ అనే పుస్తకంలో ఈ సంగతే చూపించారు. ఇంగ్లిష్‌లో వాదనంటే యుద్ధం. ఎదుటివారి మాటను ‘ఎటాక్’ చేస్తారు, తమ మాటను ‘డిఫెండ్’ చేసుకుంటారు, చివరికి ‘విన్’ అవుతారు. కాలమంటే డబ్బు. దాన్ని ‘స్పెండ్’ చేస్తారు, ‘సేవ్’ చేస్తారు, ‘వేస్ట్’ చేస్తారు. వాడివాడి అరిగిపోయిన ఈ పోలికల్ని మాట్లాడేవాళ్లే గుర్తించరు.

రెండో దారి సంబంధం. తడబాటు ఇక్కడే మొదలవుతుంది. ‘డౌనింగ్ స్ట్రీట్ ఆ వార్తను ఖండించింది’ అని రాస్తారు. వీధి ఖండించదు, ఆ వీధిలో పదో నంబరు ఇంట్లో ఉండే బ్రిటన్ ప్రధాని కార్యాలయం ఖండిస్తుంది. ‘క్రౌన్’ అంటే నెత్తిన పెట్టుకునే కిరీటం కాదు, రాజ్యాధికారం. ఇంగ్లండ్ కోర్టుల్లో ప్రాసిక్యూషన్ నడిచేది ఆ పేరుతోనే. ఇది మెటానమీ. భాగం పేరు చెప్పి మొత్తాన్ని సూచిస్తే సినెక్‌డకీ: ఓడలో ‘హ్యాండ్స్’ అంటే చేతులు కాదు, పనివాళ్లు.

ఒకసారి అతుక్కున్న పేరు అంత తేలిగ్గా ఊడదు. లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్ ఒకప్పుడు పత్రికాఫీసుల వీధి. 1986లో పత్రికాధిపతి మర్డాక్ పత్రికలు లండన్‌లోనే ఉన్న వాపింగ్‌కు తరలిపోయాయి, 2005లో రాయిటర్స్ వార్తాసంస్థ కూడా ఖాళీ చేసింది. అయినా బ్రిటిష్ పత్రికా రంగాన్ని ఇప్పటికీ ఫ్లీట్ స్ట్రీట్ అంటూనే ఉన్నారు.

మెటఫర్‌కీ మెటానమీకీ తేడా తేల్చడానికి ఒక చిట్కా ఉంది. మధ్యలో ‘లాంటి’ అని పెట్టి చూడండి. ‘అతను సింహం’ అన్నచోట ‘సింహం లాంటివాడు’ అంటే కుదురుతుంది. ‘కార్యాలయం వీధి లాంటిది’ అంటే కుదరదు. మన ఆలంకారికులు ఈ సంబంధపు వాడుకను అలంకారాల్లో కాక ‘లక్షణ’ అనే శబ్దవృత్తి, అంటే మాట అర్థమిచ్చే ఒక తీరు, కింద చర్చించారు. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందనే అర్థం చేసుకోవాలన్నది అక్కడ పేరుపడ్డ ఉదాహరణ. బడిలో అలంకారాలు చదివినవాళ్లకూ మెటానమీ కొత్తగా తోచడానికి ఇదొక కారణం. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అని మాత్రం రోజూ అంటూనే ఉంటాం.

మూడోది మోతాదు. ఉన్నదాన్ని పెంచి చెబితే హైపర్‌బొలీ, మన అతిశయోక్తి. దీనితో చిక్కు లేదు. ‘నీకు వెయ్యిసార్లు చెప్పాను’ అంటే ఎవరూ లెక్కలు తీయరు. చిక్కంతా తగ్గించి చెప్పడంతోనే. ‘నాట్ బ్యాడ్’ అని బ్రిటిష్‌వాళ్లు అంటే చాలాసార్లు అది మంచి మెప్పు. కాదనడం ద్వారా ఔననే ఈ పద్ధతి పేరే లైటోటీస్.

తగ్గించిన మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఏమవుతుందో కొరియా యుద్ధంలో బయటపడింది. 1951 ఏప్రిల్‌లో ఇమ్‌జిన్ నది దగ్గర బ్రిటిష్ 29వ బ్రిగేడ్ మీద చైనా సేనలు విరుచుకుపడ్డాయి. అందులోని గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్ ముట్టడిలో చిక్కింది. పరిస్థితి ఎలా ఉందని పై అధికారి అయిన అమెరికన్ జనరల్ అడిగితే బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘కాస్త ఇబ్బందిగానే ఉంది’ అన్న ధోరణిలో జవాబిచ్చాడని చెబుతారు. బ్రిటిష్ సైనికుడి చెవికి అది ‘మునిగిపోతున్నాం’ అనే కేక. అమెరికన్‌కు మాత్రం కష్టంగా ఉన్నా నెట్టుకొస్తున్నారని వినిపించింది. వెనక్కి తగ్గే అనుమతి సమయానికి అందలేదు. వందలమంది గ్లాస్టర్లు బందీలయ్యారు. అంత నష్టానికి ఆ ఒక్క జవాబే కారణమనలేం. కానీ ఇద్దరిదీ ఇంగ్లిషే అయినా మోతాదు కొలతలు వేరని తేలిపోయింది.

నాలుగోది విరోధం. జోరువానలో తడుస్తూ ‘లవ్లీ వెదర్’ అంటే ఐరనీ. మాటలో ఆధారం ఉండదు, సందర్భంలో ఉంటుంది. అందుకే ఎదురుగా నిలబడి అంటే నవ్వొచ్చేది ఈమెయిల్లో రాస్తే తగవు తెస్తుంది. పొసగని రెండు మాటల్ని పక్కపక్కన కూర్చోబెడితే ఆక్సిమోరాన్. ‘ఓపెన్ సీక్రెట్’ అలాంటిదే.

ఈ దారుల వెంట వెతికి పట్టుకోలేనివీ కొన్ని ఉన్నాయి. ‘కిక్ ది బకెట్’ అంటే చనిపోవడమని ఎంత ఆలోచించినా తట్టదు. అలాంటి ఇడియమ్‌లకు డిక్షనరీయే గతి. మిగతా వాటికి రెండు ప్రశ్నలు చాలు: ఈ మాట ఉన్నదున్నట్టు నిజమయ్యే వీలుందా? లేకపోతే నాలుగింటిలో ఏ దారిన వెళ్లింది? రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం మీద ఈ ప్రశ్నలు వేసుకుంటూ చదవండి. గ్రీకు పేర్ల సంగతంటారా, పరీక్ష ముందు రోజు రాత్రి చూసుకున్నా సరిపోతుంది.