'ఐడిల్' అను పదము

ఇంగ్లీషు వాచకములలో తరచుగా కనుపించు చిన్న విశేషణములలో 'ఐడిల్' అనునది యొకటి. మన విద్యార్థులు దీనికి 'సోమరి' యను నర్థము నొక్కదానిని కంఠస్థము చేసి, ఎచ్చట కనుపించినను దానినే ప్రయోగించుచున్నారు. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు, అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు రాకపోవుటచే లాంకషైరు మండలములో అనేకములైన నూలు మిల్లులు నిలిచిపోయెను. లక్షలకొలది పనివారు 'ఐడిల్'గా నుండిరి. దీనిని 'పనివారు సోమరులైరి' యని తెలిగించినచో, కూడు లేక పస్తులున్న వారిపై లేని నిందను మోపినవార మగుదుము. అందుచేత నీ పదమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

ప్రాచీనాంగ్ల భాషలో దీనికి శూన్యము, వ్యర్థము అను నర్థములు గలవు. దీనికి దాయాదియైన జర్మను పదము 'ఐటెల్' ఇప్పటికిని తన యందమును చూచుకొని మురియువానికి చెల్లుచున్నది. మన తెలుగులో దీనికి మిక్కిలి దగ్గఱ చుట్టము 'వట్టి' యను మాటయని మా యభిప్రాయము. వట్టి కుండ, వట్టి చేతులు, వట్టి మాట. పాలుడిగిన యావును వట్టిపోయిన దందుము. శూన్యతనుండి నిష్ప్రయోజనత్వమునకు ఆంగ్లేయుల మాట నడచిన త్రోవనే మన మాటయు నడచినది. కావుననే 'ఐడిల్ థ్రెట్' అనగా వట్టి బెదరింపు. 'ఐడిల్ రూమర్' అనగా గాలి కబురు. 'ఐడిల్ క్యూరియాసిటీ' అనగా ఏ ప్రయోజనమును కోరక ఊరకే తెలిసికొన వలెనను కుతూహలము. ఇచ్చట 'సోమరి బెదరింపు' అని వ్రాసిన బాలుని చూచి నవ్వనివా రెవరు?

మత్తయి సువార్తలో నీ పద మింగ్లీషున రెండు తావుల వచ్చును. 12వ అధ్యాయములో మనుష్యులాడు మాటలకు విశేషణముగను, 20వ అధ్యాయములో సంతవీధిలో నిలిచియున్న కూలివారి విషయమునను గలదు. గ్రీకు మూలమందును రెంట నొక్కటే పదము. 'పనిలేని' యని దాని యవయవార్థము. తెలుగు బైబిలు మొదటి చోట 'వ్యర్థమైన' యనియు, రెండవ చోట 'ఊరక' యనియు సందర్భము నెఱిగి మార్చినది. ఆ కూలివారిని ఏల నిలిచితిరని యడుగగా, తమ్ము నెవరును కూలికి పెట్టుకొనలేదని చెప్పిరి. వారు సోమరులు కారు.

సోమరితనమునకు 'లేజీ' యను వేఱొక పదము గలదు. అది స్వభావమును నిందించును. 'ఐడిల్' తరచుగా స్థితిని మాత్రమే తెలుపును. అయితే నామవాచకమునకు ముందు 'ఐడిల్ బాయ్' అన్నప్పుడు నింద సాధారణముగా స్ఫురించును. బాలు డిప్పుడు 'ఐడిల్'గా నున్నాడనినచో, చేతిలో పనిలేదని మాత్రమే కావచ్చును. 'ఐడిల్ అవర్స్' తీరిక వేళలు; వానియందు దోష మేమియు లేదు. తలిదండ్రులు ప్రోగ్రెసు రిపోర్టులో నీ మాటను చూచినప్పుడు మాత్రము మొదటి యర్థమునే గ్రహింప వలయును!

జీవములేని వస్తువులకు సోమరితనము పొసగదు. సాగులేని భూమి, పెట్టెలో మూలుగు ధనము, ఆగియున్న యంత్రము, ఇవన్నియు 'ఐడిల్'. బస్సు నిలిచియుండగా ఇంజను మాత్రము తిరుగుచుండుటను 'ఐడిలింగ్' అందురు. చమురు కాలుచునే యుండును గాని బండి కదలదు. ఇంతకంటె వింతయైనది 'ఐడ్లర్' చక్రము. రెండు పండ్ల చక్రము లొకదానితో నొకటి కలిసినచో ఎదురెదురు దిశలకు తిరుగును. నడుమ నొక ఐడ్లర్‌ను చేర్చిన రెండును ఒకే దిశకు తిరుగును. వాని వేగముల నిష్పత్తి మాత్రము మారదు. పేరు చూడగా పనిలేనిది, చేయునది మాత్రము గొప్ప పని.

ఉచ్చారణమున నిది విగ్రహమను నర్థముగల యింకొక యింగ్లీషు పదముతో సమానమగుటచే, చెప్పి వ్రాయించునప్పుడు సందర్భము చూచుకొన వలెను. దీని క్రియావిశేషణమును 'ఐడ్లీ' యని పలుకవలెను. హోటళ్ల బోర్డులమీద మన ఇడ్లీని సరిగా ఆ యక్షరములతోనే వ్రాయుట గలదు గాని, ఆ పలహారమున కీ పదముతో నే సంబంధమును లేదు.