ఇంజను ఊపిరి

1984లో మారుతీ సంస్థ ఒక చిన్న వ్యానును విపణిలోకి తెచ్చింది. 1988 నుంచి అది ఓమ్ని అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. 2019లో దాని తయారీ నిలిచిపోయేంతవరకు, అంటే దాదాపు మూడున్నర దశాబ్దాలపాటు, పట్టణాలలోని వీధుల్లోనూ పల్లెబాటల్లోనూ ఈ బండి చేయని పని లేదు. పిల్లలను బడికి చేర్చింది, రోగులను ఆసుపత్రికి మోసింది, కూరగాయల బస్తాలను సంతకు తరలించింది, పెళ్ళిబృందాలను ఊరు దాటించింది. నేడు రోడ్డుమీద కనిపించే ఓమ్నిలన్నీ వయసు మీరినవే. అయినా వాటినే నమ్ముకొని బ్రతుకుతున్న చోదకులు ఎందరో ఉన్నారు.

ఇటువంటి పాత వ్యాను యజమానిని పలకరిస్తే తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటే: "ఇంజను ఆయిలు కారుతోంది." షెడ్డుకు తీసుకొనిపోతే మెకానిక్ ఒక ఆయిల్ సీలు మారుస్తాడు. రెండు నెలలు గడిచేసరికి మళ్ళీ అక్కడో, మరొక చోటో తడి కనిపిస్తుంది. మళ్ళీ సీలు, మళ్ళీ కూలి. చివరకు "ఇంజను బోరుకు వచ్చింది" అన్న మాట వినవలసి వస్తుంది. ఆ మాట కొన్ని సందర్భాలలో నిజమే కావచ్చు. కాని చాలా సందర్భాలలో దోషం సీలుది కాదు, పిస్టన్లదీ కాదు. ఇంజను ఊపిరి పీల్చి వదిలే ఒక చిన్న గొట్టానిది. యంత్రానికి ఊపిరి ఏమిటన్న సందేహం కలగడం సహజం. దానికి సమాధానం ఇంజను లోపలి నిర్మాణంలో ఉంది.

ఓమ్నిలో ఉన్నది 796 ఘన సెంటీమీటర్ల పరిమాణం గల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను. క్రాంకు షాఫ్టు నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు, మూడింటిలో కలిపి 75 సార్లు ఇంధనం మండుతుంది. మండిన ప్రతిసారీ పుట్టే తీవ్రమైన పీడనం పిస్టనును కిందికి నెడుతుంది. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య నున్న సందును రింగులు మూసి ఉంచుతాయి. అయితే ఉక్కు రింగు వేడికి వ్యాకోచించవలసి ఉంటుంది కనుక, దాని రెండు కొసల మధ్య వెంట్రుకవాసి ఎడం తప్పనిసరిగా వదలుతారు. ఆ ఎడంగుండా, రింగుల పక్కలనుండి, కొద్దిపాటి వాయువు కిందనున్న ఆయిలు గదిలోకి జారిపోతూనే ఉంటుంది. కొత్త ఇంజనులో ఇది స్వల్పం; అరిగిన ఇంజనులో అధికం. ఏ ఇంజనులోనూ శూన్యం మాత్రం కాదు.

అలా జారిన వాయువులో మండని పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడు, నీటి ఆవిరి మొదలైనవి కలిసి ఉంటాయి. నీటి ఆవిరి ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కరలేదు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే పుట్టే ఆవిరిని చల్లార్చగలిగితే రమారమి ఒక లీటరు నీరు వస్తుంది. దానిలో అత్యధిక భాగం సైలెన్సరు ద్వారా బయటికి పోతుంది. మిగిలిన లేశం ఆయిలు గదిలో చేరినా చాలు, నూనెను చెడగొట్టడానికి.

ఈ వాయువులకు బయటికి పోయే దారి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి వంటింటి ప్రెషర్ కుక్కరును తలచుకొంటే చాలును. వెయిట్ కింద ఉన్న సన్నని గొట్టంలో అన్నం మెతుకు అడ్డుపడితే విజిల్ రాదు. లోపలి ఆవిరి మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని తోసుకొని బుసబుసమంటూ బయటపడుతుంది. అనుభవం గల గృహిణి వెంటనే కొత్త పట్టీ కొనడానికి అంగడికి పరుగెత్తదు. ముందు గొట్టంలోని మెతుకును తొలగిస్తుంది. ఇంజను విషయంలో ఈ పాటి ఇంగితం కొన్ని షెడ్లలో కనిపించకపోవడమే చిత్రం. ఊపిరి గొట్టం పూడుకొనిపోతే ఆయిలు గదిలో పీడనం పెరుగుతుంది. అది బలహీనమైన చోటును వెదుక్కొంటుంది. ట్యాపెట్ కవరు ప్యాకింగు, క్రాంకు షాఫ్టు ముందు వెనుకల సీళ్ళు, చివరకు ఆయిల్ గేజి దూర్చే రంధ్రం, ఎక్కడ వీలైతే అక్కడ నూనెను వెలికి నెడుతుంది. కొత్త సీలు వేసినా ఆ ఒత్తిడి తగ్గదు కనుక అది కూడా ఎంతోకాలం నిలవదు.

తొలినాటి మోటారు వాహనాలలో ఈ వాయువులను వదిలించుకొనే పద్ధతి మిక్కిలి సులభంగా ఉండేది. ఇంజను నుంచి ఒక గొట్టాన్ని రోడ్డువైపు వేలాడదీసేవారు. బండి పరుగెత్తేటప్పుడు గాలి విసురుకు ఆ గొట్టం వాయువులను బయటికి లాగేది. బండికి మేలే జరిగింది గాని, ఊరికి కీడు జరిగింది. అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరాన్ని 1940లు, 50లలో కమ్మిన పొగమంచుకు మూలం వాహనాలూ కర్మాగారాలూ విడిచే హైడ్రోకార్బన్లు సూర్యకాంతిలో చెందే మార్పులేనని ఆరీ హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. వాహనాలు విడిచే హైడ్రోకార్బన్లలో ఒక భాగం ఈ వేలాడే గొట్టాల నుంచే వస్తున్నది. అందువల్ల 1961లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ వాయువులను మళ్ళీ ఇంజనులోకే పంపి కాల్చే ఏర్పాటును తప్పనిసరి చేస్తూ ఆదేశించింది. అక్కడ అమ్మే స్వదేశీ కార్లకు అది 1963లో అమలులోకి వచ్చింది. వాహన కాలుష్యంపై ఆ దేశంలో విధించిన మొదటి యాంత్రిక నిబంధన అదే. నేటి కార్లలో కనిపించే ఊపిరి గొట్టాలన్నీ ఆ ఏర్పాటుకు వారసులే.

ఈ ఏర్పాటులో సాధారణంగా రెండు దారులుంటాయి. ఒక దారి ట్యాపెట్ కవరు నుంచి ఎయిర్ క్లీనరుకు పోయే గొట్టం. రెండవ దారి ఇంజను గాలి పీల్చే మానిఫోల్డుకు చేరుతుంది. దాని మధ్య పి.సి.వి. వాల్వు అనే చిన్న కవాటం ఉంటుంది. నమూనాను బట్టి, సంవత్సరాన్ని బట్టి అమరికలో తేడాలున్నా సూత్రం ఒక్కటే. కవాటంలో ఒక స్ప్రింగూ ముందుకు వెనుకకు కదిలే ఒక చిన్న కడ్డీ ఉంటాయి. బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో చూషణశక్తి ఎక్కువ. అప్పుడు కడ్డీ లోపలికి లాగబడి దారిని ఇరుకు చేస్తుంది. బరువుతో ఎత్తెక్కేటప్పుడు చూషణ తగ్గి, జారే వాయువు పెరుగుతుంది. స్ప్రింగు కడ్డీని వెనుకకు నెట్టి దారిని విశాలం చేస్తుంది. ఎప్పుడైనా మానిఫోల్డులో మంట ఎదురు తంతే కవాటం పూర్తిగా మూసుకొని, నిప్పు ఆయిలు గదిలోకి పోకుండా అడ్డుపడుతుంది. బొటనవ్రేలంత వస్తువుకు ఇన్ని బాధ్యతలు!

దీని ఆరోగ్యాన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కవాటాన్ని ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపలి కడ్డీ టకటక చప్పుడు చేయాలి. చప్పుడు లేకపోతే జిడ్డు పట్టి బిగుసుకొన్నదని అర్థం. దానిని గొట్టానికి తగిలించి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా కొసను వ్రేలితో మూస్తే చూషణ స్పష్టంగా తెలియాలి. మరొక పరీక్ష ఇంకా తేలిక. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూతను తీసి, ఆ రంధ్రంపై ఒక కాగితం ముక్కను పరచాలి. కాగితం రంధ్రానికి మెల్లగా అతుక్కొంటే ఊపిరి సవ్యంగా ఉన్నట్లే. ఎగిరిపడి, లోపలినుంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే దారి మూసుకుపోయినట్లో, రింగులు అరిగినట్లో భావించాలి. ఈ రెంటిలో ఏది అన్నది తేల్చుకోవడమే అసలు పని.

గొట్టాలను శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. ఇంజను చల్లారిన తరువాత వాటిని విప్పి, గుడ్డతో లోపలి జిడ్డును తీసి, గాలి కొట్టించాలి. రబ్బరును కిరోసిన్‌లో నానబెట్టరాదు, ఉబ్బిపోతుంది. లోహపు భాగాలను మాత్రం కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వవచ్చు. గొట్టం గట్టిపడి, వంచితే పగుళ్ళు కనిపిస్తే దానిని మార్చవలసినదే. ఇక్కడ ఒక దురలవాటును ప్రస్తావించక తప్పదు. అసలు గొట్టం దొరకలేదని నీళ్ళకు వాడే ఏదో ఒక రబ్బరు పైపును తగిలించే వారున్నారు. వేడికి అది మెత్తబడి, చూషణకు చప్పిడి అయి, మూసుకొనిపోతుంది. నూనెకూ వేడికీ తట్టుకొనే గొట్టమే వాడాలి. ఎయిర్ క్లీనరులో నూనె చేరుతోందని ఊపిరి గొట్టాన్ని ఊడదీసి కిందికి వేలాడదీసేవారు మరికొందరు. వారు తెలియకుండానే 1960ల నాటి కాలుష్యానికి తిరిగి వెళుతున్నారు.

ఉదయం రెండు కిలోమీటర్లు, సాయంత్రం రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి మరొక చిక్కు ఉంది. ఇంజను పూర్తిగా వేడెక్కదు కనుక లోపలి నీటి ఆవిరి బయటికి పోక నూనెతో కలిసి చిక్కని మజ్జిగవంటి పదార్థంగా మారుతుంది. వానకాలంలోనూ శీతకాలంలోనూ ఇది ఎక్కువ. ఆయిలు మూత అడుగున అది కొద్దిగా కనిపించినంతమాత్రాన భయపడనవసరం లేదు. అప్పుడప్పుడు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు ఏకబిగిన నడిపితే, ఊపిరి దారి బాగుంటే, అదే పోతుంది. కాని ఆయిల్ గేజికి కూడా అదే పదార్థం అంటుకొని, రేడియేటరులో నీరు తరుగుతూ ఉంటే, అది హెడ్ గాస్కెట్ పాడైన సూచన. ఆ బండిని నడపడం మాని వెంటనే షెడ్డుకు చేర్చాలి.

ఇక సీళ్ళ సంగతి. తిరిగే షాఫ్టు చుట్టూ అమర్చే ఆయిల్ సీలు చూడటానికి రబ్బరు వలయమే గాని, దాని నిర్మాణంలో నేర్పు ఉంది. వెలుపల లోహపు కట్టు, లోపల పలుచని రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమి ఉంచే సన్నని చుట్టల స్ప్రింగు. పెదవి షాఫ్టును నేరుగా తాకదు. మధ్యలో అతి పలుచని నూనె పొర ఉంటుంది. ఆ పొర లేకపోతే రబ్బరు కాలిపోతుంది. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడి తన సాగేగుణాన్ని కోల్పోతుంది. ఒక్కొక్కప్పుడు పెదవి రాపిడికి షాఫ్టుమీదనే గాడి ఏర్పడుతుంది. అప్పుడు కొత్త సీలును పాత చోటికి కొంచెం ఎడంగా అమర్చితే తప్ప ప్రయోజనం ఉండదు.

కారుతున్నది ఎక్కడో కనుగొనడానికి తొందర పనికిరాదు. నూనె కిందికి జారుతుంది, గాలికి వెనుకకు కొట్టుకుపోతుంది. తడి కనిపించిన చోటే లోపం ఉండాలన్న నియమం లేదు. ఇంజనును శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట్ల ముఖానికి పూసుకొనే పౌడరు చల్లి, పది కిలోమీటర్లు నడిపి చూడాలి. తడిసిన చోట్లలో అన్నిటికంటె పైనున్నదే మూలం. ట్యాపెట్ కవరు ప్యాకింగు నుంచి కారిన నూనెను చూచి చాంబరు విప్పినవారు లేకపోలేదు.

లోపం ముందువైపు సీలుది అయితే ఉపేక్షించరాదు. అక్కడి నూనె టైమింగు బెల్టుపై పడితే బెల్టు త్వరగా చెడిపోతుంది. వెనుక సీలు చెడితే నూనె క్లచ్చి పళ్ళాన్ని తడుపుతుంది. బండి ఎత్తు ఎక్కలేక జారుతుంది. దానిని మార్చాలంటే గేరు పెట్టెను దింపాలి. సీలు ఖరీదు స్వల్పం, కూలి అధికం. కనుక గేరు పెట్టె దింపినప్పుడే క్లచ్చి పళ్ళాన్ని కూడా పరిశీలించడం వివేకం. కొత్త సీలును అమర్చేటప్పుడు పెదవికి నూనె రాసి, అది నూనె ఉండే వైపుకు తిరిగి ఉండేటట్లు, సరిపడే గొట్టం ముక్క ఆనించి, వంకర పోకుండా నెమ్మదిగా దించాలి. సుత్తితో ఒక పక్క కొడితే కొత్తది కూడా మొదటిరోజే కారుతుంది. ప్యాకింగుల విషయంలో అతిశ్రద్ధ కూడా హానికరమే. గట్టిగా బిగిస్తే ట్యాపెట్ కవరు ప్యాకింగు నలిగి చీలిపోతుంది. అవసరానికి మించి పూసిన సిలికాన్ ముద్ద లోపలికి తెగిపడి, నూనె పీల్చే జల్లెడకు అడ్డుపడవచ్చు. కారే నూనె చుక్కకు భయపడి ఇంజను మొత్తానికి నూనె అందకుండా చేసుకోవడం అంటే ఇదే.

ఊపిరి దారి శుభ్రమై, సీళ్ళు కొత్తవై ఉన్నా పొగ వస్తుంటే, ఆ పొగ తీరును గమనించాలి. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్టు చేయగానే కొద్దిసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు గట్టిపడినట్లు. యాక్సిలరేటరు నొక్కినప్పుడల్లా, ఎంత దూరం నడిపినా, పొగ ఆగకపోతే రింగులను అనుమానించాలి. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించి, సిలిండరులో కొద్దిగా నూనె పోసి మళ్ళీ కొలిపించాలి. రెండవసారి కొలత గణనీయంగా పెరిగితే రింగులు అరిగినట్లే. బోరు చేయించడం తప్పదు. ఈ పరీక్ష జరగకుండా బోరుకు ఒప్పుకోవడమంటే, రోగనిర్ణయం కాకముందే శస్త్రచికిత్సకు సమ్మతించడం వంటిది. నెలసరి ఆదాయమంతా ఆ బండిమీదనే ఆధారపడిన చోదకునికి అది చిన్న నష్టం కాదు.

ఓమ్నికి సంబంధించి ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం మరొకటి ఉంది. ఈ బండిలో ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. ఊపిరి గొట్టం ఊడినా, చిట్లినా ఆ వాయువులు ముందు చేరేది ప్రయాణికులు కూర్చొనే గదిలోకే. కారిన నూనె వేడెక్కిన సైలెన్సరు గొట్టంపై పడితే కమురు పొగ లేస్తుంది, కొన్ని సందర్భాలలో మంట కూడా అంటుకోవచ్చు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. కిటికీలు మూసిన వ్యానులో పిల్లలు తలనొప్పి అన్నా, కడుపులో తిప్పుతోందన్నా, అకారణంగా నిద్రమత్తులోకి జారినా అది ప్రయాణపు బడలిక అని సరిపెట్టుకోరాదు. బండి ఆపి, తలుపులు తెరిచి, పిల్లలను ఆరుబయటికి దించాలి. సైలెన్సరు జోడింపులను, ఊపిరి గొట్టాన్ని చూపించేంతవరకు ఆ బండిలో పిల్లలను ఎక్కించరాదు. ఇంజనుపై మూతగా ఉండే సీటు అడుగున చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. సీటు లేపిన ప్రతిసారీ అది నలుగుతుంది, ముక్కలుగా ఊడిపోతుంది. దానిని ఇంజను భాగంగా ఎవరూ లెక్కించరు, అది లేకున్నా బండి నడుస్తుంది. అయినా ఇంజను సీళ్ళు మార్పించిన రోజున ఆ పట్టీని కూడా మార్పించి, సీటు కొక్కేలు బిగుతుగా పడుతున్నాయో లేదో చూచుకొన్న తరువాతనే బండిని షెడ్డు నుంచి బయటికి తీయాలి.