తెనాలి నట్ల గాంధీ, బాపట్ల ఉప్పుగాలి

తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవి తయారుచేసిన గాంధీ విగ్రహం ఎత్తు పది అడుగులు. పట్టిన ఇనుప నట్లు 75,000! ఈ తండ్రీకొడుకులే 2021లో సైకిల్ చైన్లు, గేరు చక్రాలు, బోల్టుల్లాంటి తుక్కు రెండు టన్నులకు పైగా పోగేసి, 14 అడుగుల మోదీని నిలబెట్టారు.

విగ్రహాల పోలిక సంగతి అలా ఉంచితే, ఇక్కడ అసలు విశేషం తుక్కును కరిగించకపోవడం. కోసి, అతికించి, వెల్డింగ్ చేశారంతే. నిక్కచ్చిగా లెక్కేస్తే దీనివల్ల కొత్త ఉక్కు తయారీ ఆగిందనలేం. గాంధీ కాకపోతే ఆ నట్లు ఏ కొలిమికో చేరేవి. మిగిలింది కరిగించే కరెంటు, ఆ పొగ. అదీ తక్కువేం కాదు.

ఉక్కు కంటే దాని పొగే బరువు! మన దేశంలో టన్ను ఉక్కు తయారైతే సగటున 2.54 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బొగ్గులోని 12 కిలోల కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని 44 కిలోలవుతుంది మరి. నాలుగు టన్నుల ఇనుము పట్టే ఇల్లు కడితే, గృహప్రవేశానికి ముందే పది టన్నుల వాయువు మన ఖాతాలో పడ్డట్టే. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్ తయారీలో ప్రపంచంలో మనమే ఫస్టు, దాన్ని ఎక్కువగా బొగ్గుతోనే చేస్తాం. ఆ ‘రికార్డు’కు చెల్లించే మూల్యం ఇది. తుక్కును కరెంటు కొలిమిలో కరిగిస్తే ముప్పావు టన్నుతో సరిపోతుంది.

హోటళ్లకే కాదు, ఉక్కుకీ స్టార్లొచ్చాయి. కేంద్రం 2024 డిసెంబరులో ‘గ్రీన్ స్టీల్’ అంటే ఏమిటో తేల్చింది. టన్నుకు 2.2 టన్నుల లోపు కార్బన్ డయాక్సైడ్ అయితే మూడు స్టార్లు, 1.6 లోపైతే అయిదు. మన కమ్మీల కట్టల మీద ఆ స్టార్లు ఎప్పుడు కనిపిస్తాయో చూడాలి.

రేపల్లె పక్కనుంచి పారే కృష్ణ ఒకటి, విశాఖ ఉక్కులో మండే కృష్ణ ఇంకొకటి. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. దేశంలో ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు మొదట వచ్చింది అక్కడే. ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్లు చల్లి వేడిని ఆవిరిపాలు చేయకుండా, నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో కరెంటు తీస్తారు.

కొలిమిలో మిగిలే చిట్టెమూ వృథా కాదు. ఉక్కు చిట్టెంతో దేశంలో తొలి రోడ్డు 2022లో సూరత్ దగ్గర హజీరాలో పడింది.

ఉక్కు ఎలా తయారైందన్నదే కాదు, ఎన్నాళ్లుంటుందన్నదీ లెక్కే. ఢిల్లీ ఇనుప స్తంభానికి 1,600 ఏళ్లు. ఇనుములోని భాస్వరం పైన పొరకట్టి కాపాడుతోంది. అయితే ఢిల్లీకి సముద్రం లేదు! బాపట్ల తీరంలో సూర్యలంక, నిజాంపట్నం వైపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి కమ్మీని పట్టుకుంటుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బి స్లాబును పగలగొడుతుంది. అరవై ఏళ్లుండాల్సిన ఇల్లు ముప్పై ఏళ్లకే కూలితే, ఆ పది టన్నుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. స్టార్ల పట్టికలో ఈ ఆయుష్షు లెక్క లేదు. సముద్రపు గాలి తగిలే చోట మాత్రం కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలని కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. సముద్రానికి దూరంగా, ఎండావానా తగలని చోట 20 చాలు. ఆ తేడా చూసేది పోత పోసే ముందు కమ్మీల కింద కవర్ బ్లాకులు పెట్టే మేస్త్రీయే.