ప్రేమ, పరువు, మగతనం: కులం నేర్పే పాఠాలు

ఆడతనం, మగతనం పుట్టుకతోనే వస్తాయనే నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా గట్టిగానే ఉంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ప్రశ్నించిన పరిశోధన చాలానే జరిగింది. పిల్లలు రెండు మూడేళ్లకు తాము ఆడో మగో గుర్తిస్తారనీ, అది మారదని ఆరేడేళ్లకు అర్థం చేసుకుంటారనీ 1966లో లారెన్స్ కోల్‌బర్గ్ వివరించారు. 1981లో సాండ్రా బెమ్ సమాజాన్ని వేలెత్తి చూపారు. ప్రతి పనినీ, ప్రతి గుణాన్నీ ఆడ, మగ అని విడదీసి చూపడం వల్లే పిల్లల ఆలోచనలో ఆ చట్రం బిగుస్తుందన్నారు.

ఈ సిద్ధాంతాలు మనకు పనికొస్తాయి. కానీ చాలవు. మన వాడల్లో పిల్లలు ఆడ మగ తేడాతోపాటే కులాన్నీ నేర్చుకుంటారు. "మగోడివి, ఏడుస్తావేంరా" అని ఇంట్లో మాట పడ్డ పిల్లగాడే, నాయిన దొర ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూస్తాడు. మగతనమంటే పెత్తనమైతే, వాడ దాటగానే అది ఏమైపోతోంది? బయట దక్కని పెత్తనాన్ని ఇంట్లో ఆడమనిషి మీద చూపే మగవాళ్లున్నారు. ఇది కారణమే తప్ప సమర్థన కాదు. ఆడది గడప దాటకూడదనే నీతి సినిమాల్లో వినే ఆడపిల్లకు, తెల్లారకముందే నాట్లకు పోయే అమ్మ కనిపిస్తుంది. కూలికి పోవడమే స్వేచ్ఛ అని కొందరంటారు. కూలి దగ్గర దొర, ఇంటి దగ్గర మొగుడు ఉన్నంతకాలం అది స్వేచ్ఛ ఎట్లా అవుతుంది? దళిత స్త్రీల మీద ఈ రెండు వైపుల ఒత్తిడి గురించి గోపాల్ గురు 1995లోనే రాశారు.

ఇక ప్రేమ సంగతి. కులం లోపలే పెళ్లి అనే కట్టుబాటే కులవ్యవస్థకు మూలమని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ చెప్పారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడే పద్ధతులని చూపారు. దీన్నిబట్టి మేం అనేదేమంటే, ఈ కట్టుబాటు నిలవాలంటే చట్రం మనసులోనే ఉండాలి. ఎవరి మీద మనసు పడొచ్చో, ఎవరిని చూసి అసహ్యపడాలో చిన్నప్పుడే నేర్పాలి. అట్లా నేర్పిన భావానికి పెట్టిన పేరే పరువు. అందుకే దళిత స్త్రీ మీద దొర చేసిన బలాత్కారానికి ఊరు నోరు మూసుకుంటుంది. దళిత యువకుడు పైకులం అమ్మాయిని పెళ్లాడితే కత్తులు లేస్తాయి.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగింది అదే. గర్భిణి అయిన భార్య కళ్లెదుటే దళిత యువకుణ్ని నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్యను తండ్రి ప్రేమగా సమర్థించిన గొంతులూ అప్పుడు లేచాయి. కూతురి ఇష్టాన్ని లెక్కచేయని దాన్ని ప్రేమ అనడం ఎట్లా సాధ్యమైంది? కూతురు తండ్రి సొత్తు, ఆమె పెళ్లి కులం సొత్తు అని నేర్పినందువల్లే.

నేర్పింది గనుక మార్చవచ్చు. బడిలో చీపురు ఎవరి చేతికిస్తున్నామో టీచర్లు చూడాలి. మన సంఘాల మీటింగుల్లో టీ ఎవరు పెడుతున్నారో, మైకు ఎవరి చేతిలో ఉందో మనమే అడగాలి. కులాంతర వివాహాలకు చప్పట్లు కొట్టినంత మాత్రాన సరిపోదు. ఆ జంటకు అద్దె ఇల్లు, పని, రక్షణ ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోవాలి.