ఏజెన్సీ ఉపాధ్యాయ నియామకాలు, న్యాయసమీక్ష: అమెరికా, భారత రాజ్యాంగ భావనల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించిన జి.ఓ. 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. ఇటువంటి వివాదంలోనే అమెరికా సుప్రీంకోర్టు 1974లో మూలవాసుల పక్షాన తీర్పునిచ్చింది. ఈ భేదాన్ని అర్థం చేసుకోవడానికి స్వపరిపాలన భావన కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిమిత ప్రభుత్వం, న్యాయసమీక్ష, ఐదవ షెడ్యూలు, స్వపరిపాలన, పెసా చట్టం.

1. ఉపోద్ఘాతం:
మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గూడూరు మండలాల ఏజెన్సీ గ్రామాలలో బడికి ఎవరు పాఠం చెప్పాలన్నది రాజ్యాంగ ప్రశ్న కూడా. ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయుల గైర్హాజరును అరికట్టే ఉద్దేశంతో 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదవ షెడ్యూలు 5(1) పేరా కింద జి.ఓ. 3 వెలువడింది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అధికారానికి హద్దులు చెరిగిపోతాయా?

2. పరిమిత ప్రభుత్వం - న్యాయసమీక్ష:
ప్రభుత్వాధికారం రాజ్యాంగం గీసిన గిరిలోనే ఉండాలన్నది అమెరికా వ్యవస్థకు పునాది. న్యాయసమీక్షను ఆ రాజ్యాంగం స్పష్టంగా పేర్కొనలేదు. 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ దానిని స్థిరపరిచారు. భారత రాజ్యాంగంలో 13వ అధికరణమే ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన శాసనాలు చెల్లవని ప్రకటిస్తుంది.

3. జి.ఓ. 3పై తీర్పు:
చేబ్రోలు లీలా ప్రసాదరావు కేసులో 2020 ఏప్రిల్ 22న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మూడు అంశాలను తేల్చింది. ఒకటి, 5(1) పేరా గవర్నరుకిచ్చినది చట్టసభల చట్టాలను నిలిపే, సవరించి వర్తింపజేసే అధికారమే గాని కొత్త చట్టం చేసే అధికారం కాదు. ఇది అధికార విభజన సూత్రానికి దగ్గరి వాదన. రెండు, ఆ అధికారం ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుంది. మూడు, నూరు శాతం కేటాయింపు సమానావకాశాన్ని హరిస్తుంది. 1950 జనవరి 26 నుంచి ఏజెన్సీలో నివాసం ఉండాలన్న నిబంధన వల్ల ఇతర గిరిజనులు సైతం అవకాశం కోల్పోయారు. అయితే అప్పటికే జరిగిన నియామకాలను న్యాయస్థానం షరతులతో కాపాడింది.

4. మాన్కారి తీర్పు:
అమెరికాలో మూలవాసుల వ్యవహారాల విభాగపు ఉద్యోగాలలో మూలవాసులకు ప్రాధాన్యం ఇవ్వడాన్ని ఆ విభాగంలోని ఇతర ఉద్యోగులు సవాలు చేశారు. మోర్టన్ వర్సెస్ మాన్కారి కేసులో న్యాయస్థానం దానిని ఏకగ్రీవంగా సమర్థించింది. ఆ ప్రాధాన్యానికి ఆధారం జాతి కాదని, సమాఖ్య గుర్తింపు పొందిన తెగలు రాజకీయ సముదాయాలని, వాటి స్వపరిపాలనకు ఈ ఏర్పాటు తోడ్పడుతుందని వివరించింది. ఆ ప్రాధాన్యం శాసనసభ చేసిన 1934 నాటి చట్టం నుంచి వచ్చినదే గాని కార్యనిర్వాహక ఉత్తర్వు కాదు. పైగా అది ఒక్క విభాగానికే పరిమితం, అర్హులకు ప్రాధాన్యమే తప్ప ఇతరులకు సంపూర్ణ నిషేధం కాదు. కనుక రెండు కేసులను సర్వసమానంగా భావించరాదు.

5. ముగింపు:
జి.ఓ. 3 గిరిజనులను ఉద్యోగార్హులైన వర్గంగా చూసింది. తమ బడిని తామే నడుపుకొనే సముదాయంగా చూడలేదు. ఆ రెండవ దృష్టికి మన చట్టాలలో చోటు లేకపోలేదు. సామాజిక రంగాల సంస్థలపై, సిబ్బందిపై తగిన స్థాయి పంచాయతీలకు, గ్రామసభలకు నియంత్రణాధికారం సంక్రమించాలని 1996 నాటి పెసా చట్టం 4వ సెక్షను చెబుతుంది. తీర్పు తర్వాత కూడా కోయ పిల్లవాడికి తన భాష తెలిసిన, రోజూ బడికి వచ్చే ఉపాధ్యాయుడు కావాలి. గైర్హాజరుపై ప్రశ్నించే హక్కు గ్రామసభకు ఆచరణలో దక్కితే, రాజ్యాంగ హద్దు దాటకుండానే ఆ అవసరం కొంతైనా తీరుతుంది. న్యాయసమీక్ష ప్రభుత్వం ఏమి చేయరాదో చెప్పగలదు. చేయవలసినది నిర్ణయించే బాధ్యత ప్రజాస్వామ్యానిదే.