అడవి ఖాతాకు కూడా తనిఖీ అవసరమే



మొన్న వేసవిలో సనత్‌నగర్ నుండి బయలుదేరి ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. రికార్డులు చూస్తుండగా కార్యదర్శి ఒక ప్రశ్న వేశారు. "ఇన్‌స్పెక్టరు గారూ, మన బర్రెల వల్లనే భూమి వేడెక్కుతున్నదట, నిజమేనా?" ప్రశ్న చిన్నదే గాని, జవాబు ఒక్క ముక్కలో చెప్పదగినది కాదు.

యంత్రయుగానికి ముందు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళు ఉండేది. నేడు 420 దాటింది. భూమి నుండి పైకి పోవలసిన వేడిని ఈ వాయువు పట్టి ఉంచుతుంది. ఇందులో ప్రధాన దోషం బొగ్గు, పెట్రోలు, డీజిలుది. మానవుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు పదవ వంతు మాత్రం అడవుల నరికివేత వంటి భూవినియోగపు మార్పుల వల్ల వస్తున్నది. చెట్టు ఈ వాయువును పీల్చి కలపగా, వేరుగా నిల్వ చేస్తుంది. నరికి కాల్చితే ఆ నిల్వ తిరిగి గాలిలో కలుస్తుంది.

బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో నరికిన భూమిలో అత్యధిక భాగం పశువుల మేతబీళ్ళుగా మారింది. మన పాడి అటువంటిది కాదు. మన పశువులు ముఖ్యంగా వరిగడ్డి, జొన్న చొప్ప, తవుడు, చెక్క తిని పాలిస్తున్నవి. అయినా నెమరువేసే పశువు కడుపులో మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు వేడిని పడుతుంది. కావున మనం పూర్తిగా నిర్దోషులమూ కాము, పూర్తిగా దోషులమూ కాము.

ఇక రాజకీయం. 2030 నాటికి అడవుల నష్టాన్ని ఆపుతామని 2021లో గ్లాస్గోలో నూరుకు పైగా దేశాలు ప్రకటించాయి. మన దేశం అందులో చేరలేదు. ఇంట్లోనూ తగవు పాతదే. అడవిపై హక్కు కోసం పోరాడిన కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. 2005 డిసెంబరు 13కు ముందు నుండి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకు హక్కు ఇచ్చే చట్టం 2006లో గాని రాలేదు. పోడు రైతునొక్కడినే దోషిని చేయడం న్యాయం కాదు. 2025లో మన నగరం ప్రక్కనే కంచ గచ్చిబౌలిలో సుమారు 100 ఎకరాలలో యంత్రాలతో చెట్లు కొట్టగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది.

లెక్కలలో మరొక చిక్కు ఉన్నది. ప్రభుత్వ అటవీ సర్వేలో కనీసం ఒక హెక్టారు స్థలంలో చెట్ల కప్పు 10 శాతం ఉంటే చాలు, అది అడవి లెక్కలోకి వస్తుంది. మామిడి తోట అయినా సరే. తనిఖీదారులకు ఇది పరిచయమైన సంగతే. రిజిస్టరులో నిల్వ సరిపోతుంది, గోదాములో సరుకు ఉండదు! పెద్ద నల్లమద్ది పోయిన చోట మొక్క నాటితే అంకె సరిపోవచ్చు, నిల్వ సరిపోదు. 2015లో మొదలైన హరితహారానికైనా నాటిన మొక్కల కంటే బ్రతికిన మొక్కల లెక్కే ముఖ్యం.

మనకేమి నష్టమంటారా? బర్రెది నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ. ఎండ ముదిరితే మేత మానుతుంది, పాలు తగ్గుతాయి, ఎద సరిగా బయటపడదు. భూమి వేడెక్కితే ఆ నష్టం ముందుగా సభ్యుని పాల పుస్తకంలోనే కనబడుతుంది.

కావున రాబోయే మహాసభలో ప్రతి సంఘం ఈ విషయాలు చర్చించవలెను:

1. గ్రామ మేతబీడు హద్దులు చూసి, ఆక్రమణ ఉంటే అధికారులకు వ్రాయుట.
2. గట్లపై అవిసె, సుబాబుల్ పెంచుట. సుబాబుల్ మేతలో మూడవ వంతు మించరాదు.
3. సమతుల్య దాణా వాడుట. పాలు పెరిగిన కొద్దీ లీటరుకు పడే మీథేన్ తగ్గుతుంది.
4. నాటిన మొక్కలను ఏడాది తరువాత లెక్కించి మినిట్సు పుస్తకంలో వ్రాయుట.

ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు పాల లెక్కతోపాటు ఆ చెట్ల లెక్కా అడుగుతాను.