చీకటి లోకపు వీరులు

గడచిన జూలై మాసమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు లెక్కల పుస్తకపు కడపటి పుటలో గీసిన బొమ్మ మా కంటబడెను. పొడవైన అంగీ, గడ్డము, నిప్పుకణికలవంటి కన్నులు, పాదములకడ పడియున్న మనుష్యుడొకడు. ఎవరి బొమ్మయని యడిగితిమి.

"సూపర్‌మానండి, మాస్టరుగారూ."

"మే మెరిగిన సూపర్‌మానునకు గడ్డము లేదే నాయనా! అతడు ఎవరినైనను కాపాడునుగాని ఇట్లు పడగొట్టి నిలుచువాడు కాడు."

"ఇతడు వేరొక లోకపు సూపర్‌మానండి. ఇతడు చంపుతాడు. అయినా మంచివాడేనండి."

లెక్కల పుస్తకమున బొమ్మలు వేసినందుకు బాలుని మందలించితిమి గాని, అతడాడిన తుదిమాట మమ్ము విడువలేదు. చంపువాడు మంచివాడెట్లగును? దసరా సెలవులలో మా పిల్లలతో గూర్చుండి అట్టి చిత్రములను వరుసగా చూచితిమి. అందు మాకు తెలిసినదానిని, తోచినదానిని పెద్ద తరగతుల విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట అసలు కథలను జ్ఞాపకము చేసికొందము. సూపర్‌మాన్ 1938వ సంవత్సరమున అమెరికాలో యాక్షన్ కామిక్స్ అను బొమ్మల కథల పత్రిక మొదటి సంచికలో వెలువడెను. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకు లిరువురు అతనిని కల్పించిరి. వారిరువురును ఆ దేశమునకు వలసవచ్చిన యూదుల కుటుంబములలోని బిడ్డలే. నశించిపోవు గ్రహమునుండి తండ్రి పంపిన శిశువు పరాయి నేలపై దయగల దంపతుల యింట పెరిగి, తన బలమును బలహీనుల పక్షమున వినియోగించుట ఆ కథ. మరుసటి యేడు, అనగా 1939లో, బ్యాట్‌మాన్ వచ్చెను. కన్నులయెదుటనే తలిదండ్రులు తుపాకికి బలికాగా, ఆ దుఃఖముతో పెరిగి దొంగలను హంతకులను పట్టియిచ్చు ధనికుడితడు. 1941లో వండర్ ఉమన్ వచ్చెను. ఆ సంవత్సరముననే ఫ్లైషర్ సోదరుల కార్యశాలనుండి సూపర్‌మాన్ రంగుల బొమ్మలచిత్రముగా తెరపై కదలాడెను. అవి ఒక్కొక్కటి సుమారు పదినిముషముల చిన్న చిత్రములు. అందు మంచి మంచిగను, చెడు చెడుగను స్పష్టముగా నుండును.

ఈ కాలమువారు వచ్చి పాత వీరులను చెడగొట్టిరని పెద్దలు కొందరందురు. మేమును అట్లే తలంచియుంటిమి. అయితే సీగెల్, షుస్టరులు 1933లోనే, తాము స్వయముగా అచ్చువేసిన చిన్న పత్రికలో, సూపర్‌మాన్ అను పేరుగల మరియొకని కథను ప్రకటించిరి. అతడు దుష్టుడు! ఉచితముగా పంచు రొట్టె కొరకు బీదల వరుసలో నిలిచిన ఒకానొకనికి శాస్త్రజ్ఞుడొకడు మందు పెట్టగా, ఇతరుల మనస్సులను చదువు శక్తి వానికి కలిగెను. దానితో అతడు లోకమునే వశపరచుకొన జూచెను. కడకు మందు గుణము తగ్గి, మరల ఆ రొట్టెల వరుసకే పోయెను. అయిదేండ్లకు అదే పేరునకు మంచి మనస్సు నమర్చి ఆ యువకులు లోకమున కిచ్చిరి. కావున చీకటి సూపర్‌మానే అన్న, వెలుతురు సూపర్‌మాన్ తమ్ముడు.

ఇక వేరొక లోకమను మాట. 1961లో ఫ్లాష్ అను వీరుని కథలో, మన భూమివంటిదే మరియొక భూమి కలదనియు, అచ్చట వేరొక ఫ్లాష్ కలడనియు వ్రాసిరి. 1964లో ఆ యూహనే తలక్రిందు చేసి, వీరులందరును దొంగలైయున్న భూమిని కల్పించిరి. అప్పటినుండి రచయితల చేతికి త్రాసువంటి సాధన మొకటి చిక్కెను. కథలో ఒక్క సంగతిని మార్చవలెను, తక్కినవానిని ఉన్నవి ఉన్నట్లే యుంచవలెను, పిదప త్రాసు ఎటు మొగ్గునో చూడవలెను. రసాయనశాలలో మనము చేయు ప్రయోగము లిట్టివే గదా! 2007 మొదలు డి.సి. సంస్థవారు నేరుగా ఇండ్లలో చూచుకొనుటకై పూర్తి నిడివి బొమ్మలచిత్రములను విడుదల చేయసాగిన పిమ్మట ఈ ప్రయోగములు తెరపై తరచయ్యెను.

మా విద్యార్థి గీసినది 2015లో వచ్చిన జస్టిస్ లీగ్: గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్ అను చిత్రములోని సూపర్‌మానును. దీని కథను కల్పించినవారిలో ముఖ్యుడైన బ్రూస్ టిమ్, 1992లో పేరుగాంచిన బ్యాట్‌మాన్ బొమ్మల ధారావాహికను రూపొందించినవారిలో నొకడు. దర్శకుడు సామ్ లియు. చిత్రము ఆరంభమునందే, క్రిప్టాన్ నశించు గడియలో, సత్పురుషుడగు జోర్‌ఎల్ తన బిడ్డకు ప్రాణము పోయవలసిన యంత్రమును తాకబోవుచుండగా సేనాని జాడ్ లోపలికి చొరబడి తన వ్రేలిని దానిపై నుంచును. అంతటితో ఆ శిశువు జాడ్ కుమారుడగును. మార్చినది ఒక్క వ్రేలి స్పర్శయే.

అయితే రచయితలు అంతటితో ఊరకుండలేదు. ఊయలవంటి ఆ నౌక మెక్సికోనుండి కూలికి వచ్చిన పేద దంపతులకు దొరకును. వారు ఆ బిడ్డకు హెర్నాన్ గెర్రా యని పేరిడి పెంచిరి. వారు నీతిమంతులు, కష్టజీవులు. వారి పెంపకమున లోపము లేదు. లోకము వారిని చూచిన చూపులోనే లోపము కలదు. పొలములలో ఒళ్లు వంచి పనిచేయువారిపట్ల ఇతరులు చూపు చులకనను చూచుచు పెరిగిన బాలునకు, చట్టము పేదవానిని కాపాడునను నమ్మకము ఎట్లు కలుగును? కావున అతడు పెద్దవాడై, తప్పు చేసినవాడని తనకు తోచినవానిని తానే శిక్షించును. మొక్కై వంగనిది మానై వంగునా యని మేము తరగతిలో తరచు చెప్పుదుము. ఈ చిత్రము చూచినపిదప ఆ సామెతలో మొక్కను గూర్చియే గాని, దాని చుట్టునున్న నేలనుగూర్చి ఏమియు చెప్పలేదని మాకు తోచినది.

తక్కిన యిరువురి కథలును ఇట్టివే. ఈ లోకపు బ్యాట్‌మాన్ ధనికుడగు బ్రూస్ వేన్ కాడు. కిర్క్ లాంగ్‌స్ట్రమ్ అను శాస్త్రజ్ఞుడు తనకు సోకిన పుట్టకురుపును మాన్పుకొనుటకై గబ్బిలములనుండి తీసిన మందును ప్రయోగించుకొని, నెత్తురు లేక బ్రతుకలేనివాడయ్యెను. నేరస్థుల నెత్తురును మాత్రమే త్రాగుదునని తనకు తానే నియమము పెట్టుకొనెను. ఆకలిని న్యాయమని పిలుచుకొను నీ బ్రతుకును తెరపై చూచుట కష్టము. వండర్ ఉమన్ ఇచ్చట బెక్కా అను దేవలోకపు కన్య. శత్రువుల కుమారునితో వివాహమైన నాడే, ఆ వివాహమును ఎరగా చేసి ఆమె తాతయే పెండ్లికుమారుని, అతని వారినందరిని సంహరింపజేయగా, అసహ్యపడి భూమికి పారివచ్చినది.

కథలోని చిక్కు ఇది. ప్రఖ్యాత శాస్త్రజ్ఞులు ఒకరి వెనుక నొకరు హత్యకు గురియగుదురు. ఒకని దేహమున నెత్తురు లేదు, ఒకడు ఖడ్గమునకు తెగెను, ఒకడు కాలి బూడిదయ్యెను. అన్నియు ఈ ముగ్గురి చేతిపనులవలెనే యుండును. వారు నిరపరాధులని ప్రేక్షకులకు తెలియును. అయినను లోకము వారిని నమ్మదు. ఎందుకు నమ్మవలెను? నిన్నటివరకు విచారణలేకుండ చంపినవాడు, ఈ ఒక్కదానిని తాను చేయలేదని చెప్పిన, ఆ మాటకు సాక్ష్యమేమి? నిజమైన హంతకుని రహస్యమును చూడబోవువారి కొరకు దాచియుంచుచున్నాము. అతని తలంపును మాత్రము చెప్పెదము. మనుష్యులందరి మనస్సులను బలవంతముగా ఒక్కటిగా కలిపివేసి, కలహమన్నదే లేకుండ జేయవలెనని అతని కోరిక. మంచిని బలవంతముగా కలిగింపజూచిన ఆ ముగ్గురికి, తమకంటె పదిరెట్లు బలవంతపెట్టువాడు ఎదురగుట ఈ చిత్రమున మెచ్చదగిన కూర్పు.

2013లో జే ఒలీవా దర్శకత్వమున వచ్చిన ది ఫ్లాష్‌పాయింట్ పారడాక్స్ అను చిత్రములో మార్పునకు కారణము ప్రేమయే. ఫ్లాష్ కాలములో వెనుకకు పరుగెత్తి, హతురాలైన తన తల్లిని బ్రతికించుకొనును. ఆ యొక్క మార్పుతో తక్కిన లోకమంతయు వంకరపోవును. సూపర్‌మానును శైశవముననే ప్రభుత్వమువారు నేలమాళిగలో బంధింపగా, ఎండకన్నెరుగక అస్థిపంజరమై యుండును. ఆ లోకమున తుపాకికి బలియైనది బాలుడైన బ్రూస్. బ్యాట్‌మాన్ అయినది అతని తండ్రి థామస్. ఆ తండ్రి కుమారునకు వ్రాసిన జాబును ఫ్లాష్ తన లోకమునకు తెచ్చి బ్రూసునకు అందించును. ఎన్నడును కంటతడి పెట్టని బ్యాట్‌మాన్ ఆ జాబు చదివి యేడ్చును. చీకటి చిత్రములనుగూర్చి ముఖము చిట్లించువారు ఈ యొక్క ఘట్టమునైనను చూడవలెనని మా మనవి.

ఈ జాతి కథలలో మాకు మిక్కిలి నచ్చినది చలనచిత్రము గాదు. 2003లో జస్టిస్ లీగ్ బొమ్మల ధారావాహికలో రెండు భాగములుగా ప్రసారమైన ఎ బెటర్ వరల్డ్ అను కథ యది. ఒక లోకమున దేశాధ్యక్షుడైన లూథరును సూపర్‌మాన్ చంపివేయును. పిమ్మట వీరులే పాలకులై నేరములన్నిటిని అణచివేయుదురు. మన బ్యాట్‌మాన్ ఆ లోకమునకు పోయి, అచ్చటి బ్యాట్‌మానుతో పోరాడుచు, ప్రజల స్వేచ్ఛను హరించితివని నిందించును. దానికి రెండవవాడు, ఇక యే యెనిమిదేండ్ల బాలుడును తుపాకి పట్టిన దుర్మార్గుని మూలమున తలిదండ్రులను పోగొట్టుకొనని లోకమును తాము నిర్మించితిమని బదులు చెప్పును. మన బ్యాట్‌మానునకు నోట మాట రాదు. ఆ యెనిమిదేండ్ల బాలుడు తానే గదా! అతడు ఓటమి నంగీకరించును.

పిమ్మట ఇరువురును కారులో నగరవీథులలో పోవుదురు. వీథులు పరిశుభ్రములు, జనులు నిశ్శబ్దులు. భోజనశాలయొద్ద ఒకడు, తాను తిన్నదానికి అధికముగా లెక్క వేసిరని గొణుగుకొనగా, రక్షకభటులు వానిని పట్టుకొందురు. నేరమంతయు నింతే. మన బ్యాట్‌మాన్ కోపగించుకొనక, ఈ లోకమును చూచిన అమ్మయు నాన్నయు నిన్నుగూర్చి యెంతయో గర్వపడియుందురని మెల్లగా ఎత్తిపొడుచును. కారు నడపువాడు కలత చెందును. మనస్సు మారినవాడై మన వీరుల పక్షము వహించును. వాదమున గెలిచినవానిని, అన్నము తిని డబ్బు చెల్లింపవచ్చిన యొక సామాన్యుని గొణుగుడు ఓడించెను. చంపువాడు మంచివాడు కాగలడా యను ప్రశ్నకు మేము తరగతిలో గంటసేపు చెప్పినను ఇంత చక్కగా చెప్పజాలము.

తక్కిన చిత్రములను క్లుప్తముగా చెప్పెదము. 2020 నాటి సూపర్‌మాన్: రెడ్ సన్ అను చిత్రమున నౌక సోవియట్టు దేశమున దిగును, అచ్చట పెరిగిన సూపర్‌మాన్, నిర్బంధ శిబిరమును కన్నులార చూచి, స్టాలినును చంపి, తానే రాజ్యమునకు వచ్చును. 2003లో మార్క్ మిల్లర్ వ్రాసిన బొమ్మల కథయే దీనికి ఆధారము. 2021 నాటి ఇన్‌జస్టిస్ మాకు నచ్చలేదు. భార్యయగు లోయిసును, ఆమె గర్భముననున్న బిడ్డను తన చేతులతోనే చంపునట్లు జోకర్ మోసము చేయగా, సూపర్‌మాన్ వానిని చంపి క్రూర పాలకుడగును. ఆరంభము గుండెను పిండునదే. అటుపిమ్మట హత్య వెంట హత్య, ఎందుకో తెలియని పరుగు. దుఃఖపడిన మనుష్యుడు మెట్టుమెట్టుగా దిగజారుటను చూపవలసినచోట, అతనిని ఒక్కమారుగా కొండమీదినుండి త్రోసివేసిరి. మార్పునకు తగిన కారణము లేనప్పుడు చీకటి కేవలము నల్లరంగే యగును. నెత్తురు ధారాళముగా పారినంతమాత్రమున కథ పెద్దవారిది కానేరదు.

1964 నాటి దుష్టవీరులు 2010లో క్రైసిస్ ఆన్ టు ఎర్త్స్ అను చిత్రముగా వచ్చిరి. అందు ఔల్‌మాన్ అనువాడు బ్యాట్‌మానునకు ప్రతిబింబము. మనము చేసిన ప్రతి నిర్ణయమునకు విరుద్ధమైన నిర్ణయము వేరొక లోకమున జరుగుచుండగా, ఏ నిర్ణయమునకును విలువ లేదని అతని సిద్ధాంతము. కావున లోకములన్నిటికి మూలమైన భూమినే నాశనము చేయబూనును. తుదకు ఆ విస్ఫోటక యంత్రము తనయొద్దనే పేలబోవుచున్నప్పుడు, దానిని ఆపుటకు వ్యవధియుండియు, ఆపియు ప్రయోజనమేమి యనుకొని ఊరకుండును. ఈ చిత్రమునకు కథ వ్రాసినవాడు డ్వేన్ మక్‌డఫీ.

మా విద్యార్థికి బొమ్మను తిరిగి యిచ్చునప్పుడు, ఆ గడ్డపు సూపర్‌మాన్ మన యూరిలో నుండిన నీకు సమ్మతమేనా యని అడిగితిమి. కొంతసేపు ఆలోచించి, "ఆయన నన్ను తప్పుగా అనుకుంటే ఎవరికి చెప్పుకోవాలండి?" అనెను. బొమ్మలో పాదములకడ పడియున్నవాడు ఎవరని యడిగితిమి. అది తాను ఇంకను నిర్ణయింపలేదట.

చూడదలచినవారు 2003 నాటి కథతో ఆరంభింపవలెను. తరువాత ఫ్లాష్‌పాయింట్, పిమ్మట గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్ పెద్ద తరగతులవారు పెద్దలతో గూడి చూడవచ్చును. చిన్న తరగతుల పిల్లలకు ఇవి తగవు. వారికి 1941 నాటి చిన్న చిత్రములు చాలును. అవి నేటికిని చక్కగానే యున్నవి.